ఇరువురి చేవ్రాలు

పదిమంది చేతులలో బడిన పాము చావదని మన పెద్దలు చెప్పుదురు. ఒంటరిగ నున్నవాడు పామును జూచినచో వాడే కఱ్ఱ వెదకును, వాడే కొట్టును. పదిమంది గుమిగూడినచో ప్రతివాడును ప్రక్కవాని కఱ్ఱవంక జూచుచు నిలుచును. పాము మెల్లగ పుట్ట జేరును. ఈ సామెత పామును గూర్చినది కాదు, బాధ్యతను గూర్చినది. పంచుకొన్న సొత్తు భాగములై తఱిగిపోవునట్లే పంచుకొన్న బాధ్యతయు తఱిగిపోవునని దీని తాత్పర్యము. ఇది లోకానుభవమున బండిన మాట. అయినను కొన్ని పనులు కలవు. వానిని ఒక్కని కప్పగించినను కీడే, పదిమంది కప్పగించినను కీడే. ఒక్కనికి తెలియవలసినవన్నియు తెలియవు. పదిమందిలో నెవ్వడును అది తన పని యనుకొనడు. అట్టి పనులయందు బాధ్యతను పంచుట యెట్లు? పంచియు తఱుగకుండ నిలుపుట సాధ్యమా?

ఈ ప్రశ్న మాకు గ్రంథపఠనమువలన గలుగలేదు, కోపమువలన గలిగినది. కొన్నేండ్ల క్రిందట నొక శీతకాలపు దినమున మేము ఢిల్లీకి బోవుటకై మన తెలుగునాటి యొక విమానాశ్రయమున గూర్చుంటిమి. బయలుదేరవలసిన వేళ గడచెను, గంట గడచెను, నాలుగు గంటలు గడచెను. మా యెదుట ఆకాశము నిర్మలముగ నున్నది. విమానము కదలక నిలిచియున్నది. బల్లవద్దనున్న చిన్నదానిని మేమును, మావంటి పెద్దమనుషులు మఱికొందఱును చుట్టుముట్టి నిలదీసితిమి. "ఢిల్లీలో మంచు పట్టిందండి. పైనుంచి ఇంకా అనుమతి రాలేదు" అని యామె చెప్పెను. "ఆ పైవాడెవడు? వాణ్ణి పిలువు" అని మాలో నొకరు గద్దించిరి. ఆమె బదులు చెప్పలేక తల వంచుకొనెను. కోపము నాడే చల్లాఱెను గాని యా ప్రశ్న మాత్రము మా మనస్సున నిలిచిపోయెను. ఆ పైవాడెవడు? అతడు మన మెఱుగని మంచును జూచి మనల నేల యాపవలెను?

తల యెత్తి చూచువానికి ఆకాశము శూన్యముగ గన్పట్టును. ఆ శూన్యమున దినదినమును జరుగుచున్న రాకపోకల పరిమాణము ఊహకు లొంగునది కాదు. 2019వ సంవత్సరమున లోకమునందలి విమానములలో ప్రయాణము చేసినవారి లెక్క ఇంచుమించు 450 కోట్లు. మహమ్మారి వ్యాపించిన 2020లో అది 180 కోట్లకు పడిపోయి, ఆ పిమ్మట మరల పుంజుకొన్నది. ఒక్క అమెరికా సంయుక్త రాష్ట్రములను దీసికొన్నను, అచ్చటి ప్రభుత్వ విమానయాన శాఖవారు దినమునకు 44,000 పైచిలుకు యాత్రలను పర్యవేక్షింతురు. దినమునకు ముప్పది లక్షలమంది ప్రయాణికులు ఎక్కి దిగుదురు. రద్దీవేళలలో ఆ దేశపు మింట నొకే సమయమున 5,000 విమానములు ఎగురుచుండును. ఒక మహానగరపు జనము నంతటిని ప్రతిదినమును నేలనుండి యెత్తి, మబ్బులకు పైగా నడిపించి, వేఱొకచోట దింపుట వంటిది ఈ పని. ఇంత జరిగియు మఱునాటి పత్రికలో దానిని గూర్చి యొక్క పంక్తియైన నుండదు. ఉండకుండుటయే యీ పనికి సాఫల్యము.

ఈ పని చేయువారిలో పైలటును మన మెఱుగుదుము. గోపురములయందును రాడారు గదులయందును గూర్చుండి విమానమునకు విమానమునకు నడుమ తగిన యెడమును కాపాడుచుండు కంట్రోలరులను గూర్చియు కొందఱు వినియుందురు. వీరు గాక మఱియొక తెగవారు కలరు. వారిని ఫ్లైట్ డిస్పాచరులందురు. వీరు ప్రభుత్వోద్యోగులు కారు; విమానసంస్థలచే జీతము గొనువారు. వీరి చోటు విమానాశ్రయమున నుండనక్కఱలేదు. డెల్టా సంస్థవారి కేంద్రము అట్లాంటాలోను, అమెరికన్ సంస్థవారి కేంద్రము టెక్సాసు రాష్ట్రమున ఫోర్టువర్తులోను కలవు. అచ్చట కూర్చున్నవాడు వేయి మైళ్ల యావల బయలుదేరి, మఱి వేయి మైళ్ల యావల దిగబోవు విమానమును నడిపింపవలసియుండును. నడిపించుట యనగా చేతితో గాదు, తెలివితో.

యాత్రకు గంటయో రెండు గంటలో ముందుగ డిస్పాచరు తన పని నారంభించును. బయలుదేరు చోటను, దిగు చోటను, నడిమి దారిని వాతావరణ మెట్లున్నది? ఎత్తున గాలి యే దిక్కునుండి యెంత వడిగ వీచుచున్నది? ఏ రన్‌వే మూయబడినది? విమానమున నే పరికరము చెడియున్నది, అది లేకయు పోవచ్చునా? జనము బరువెంత, సరుకు బరువెంత? వీని నన్నిటిని కూడదీసి దారిని, ఎత్తును, ఇంధనమును నిర్ణయించును. ఇంధన విషయమున అమెరికా నిబంధన స్పష్టముగ నున్నది. స్వదేశ యాత్రలలో గమ్యమును జేరుటకును, అచ్చట దిగ వీలుకానిచో ముందే యేర్పఱచుకొన్న మఱియొక విమానాశ్రయమునకు బోవుటకును, అటుపిమ్మట నింకను నలువదియైదు నిమిషములు ఎగురుటకును చాలినంత యుండవలెను. గమ్యమును జేరు వేళకు గంట ముందునుండి గంట తరువాత వఱకు మబ్బు 2,000 అడుగులకంటె క్రిందికి దిగుననిగాని, చూపు మూడు మైళ్లకంటె తగ్గుననిగాని సూచన యున్నచో, ఆ రెండవ చోటును ముందుగనే నిర్ణయింపవలెను.

అట్లయిన నధికముగ నింధనము పోసికొని పోరాదా యని యడుగవచ్చును. ఇంధనమునకు బరువు గలదు. ఆ బరువును మోయుటకు మఱికొంత యింధనము కాలును. మోసిన కొలది సరుకునకో మనుష్యులకో చోటు తగ్గును. సంస్థ పొదుపును కోరును. భయము సమృద్ధిని కోరును. ఈ రెంటినడుమ న్యాయమైన లెక్క కట్టుటయే డిస్పాచరు విద్య. విమానము ఎగిరిన పిమ్మటను అతని పని తీఱదు. అది మరల నేల జేరువఱకు కనిపెట్టియుండి, దారిలో ఉరుములు లేచినను, గమ్యము మూతపడినను కెప్టెనునకు కబురంపుచుండవలెను. ఒక్కొక్క వేళ ఒక్కొక్కని చేతిలో పది, ఇరువది విమానములైన నుండును.

ఇప్పుడు మా ప్రశ్నకు వత్తము. ఇట్టి యాత్రకు బాధ్యుడెవడు? 1935వ సంవత్సరము మే నెల 6వ తేదీన మిస్సౌరీ రాష్ట్రమున నొక విమానము మంచులో జిక్కి, ఇంధనము తఱిగి, దిగుచోటు వెదకుచు నేల గూలెను. మృతులలో న్యూ మెక్సికో సెనేటరు బ్రాన్సన్ కటింగు గారును ఉండిరి. దానిపై సెనేటువారి విచారణ నడచెను. ఆ యలజడి దారితీసిన మార్పులలో 1938వ సంవత్సరపు సివిల్ ఏరోనాటిక్స్ చట్టము ముఖ్యమైనది. ఆ చట్టము పైలటులతోబాటు డిస్పాచరులను గూడ యోగ్యతాపత్రము పొందవలసిన వృత్తులవారిలో జేర్చెను. నేటి యమెరికా నిబంధన ప్రకారము కెప్టెనును డిస్పాచరును ఉమ్మడిగ బాధ్యులు. యాత్ర క్షేమముగ జరుగునని యిరువురును నమ్మినప్పుడే యనుమతిపత్రము చెల్లును. ఒక్కడు కాదన్నచో విమానము కదలరాదు. ఆకాశమున ఆపద తటస్థించినపుడు మాత్రము కెప్టెను తన బుద్ధికి తోచినట్లు చేయుటకు స్వతంత్రుడు. ఈ పద్ధతి లోకమంతట నొక్క తెఱగున లేదు; పెక్కు దేశములయందు ముఖ్యభారము కెప్టెనుపైననే యున్నది. మన దేశమునను ప్రభుత్వముచే ఆమోదింపబడిన డిస్పాచరులు కలరు. అయినను ఉమ్మడి బాధ్యత యను భావమును స్పష్టముగ చూపుటకు అమెరికా పద్ధతియే తగినదని దానిని మే మెన్నుకొంటిమి.

దేవాలయపు హుండీకి రెండు తాళములు వేసి, రెండు చెవులను ఇరువురి కిచ్చుట మన మెఱిగినదే. ఆ యిరువురిలో నే యొక్కడును సగము హుండీకి కావలివాడు కాడు. ప్రతివాడును హుండీ కంతటికిని కావలివాడే. ఒక్కడు చెవి యియ్యననినచో తలుపు తెఱవబడదు. ఉమ్మడి బాధ్యత యనగా నిదియే. సొత్తును ఇరువురికి పంచినచో ఒక్కొక్కనికి సగము వచ్చును. ఇట్టి బాధ్యతను ఇరువురికి పంచినచో ఒక్కొక్కనికి అంతయు వచ్చును.

కాని తాళములు రెండైనంతమాత్రమున హుండీ భద్రమని చెప్పరాదు. "అతడు చూచియుండునులే" యని యీతడును, "ఈతడు చూచియుండునులే" యని యతడును అనుకొన్ననాడు రెండు తాళములు నొక్క తాళముకంటె హీనము. పాము పుట్ట జేరుట యిక్కడనే. దీనికి విరుగుడుగ నీ వృత్తియందు మూడు కట్టుబాట్లు మాకు గన్పట్టినవి.

మొదటిది పేరు. అనుమతిపత్రముపై "కార్యాలయము" చేవ్రాలు చేయదు. "సంస్థ" చేవ్రాలు చేయదు. ఒక మనుష్యుడు తన పేరు వ్రాయును. రెండవది, కాదను హక్కు. ఈ హక్కు లేనివాని చేవ్రాలు చేవ్రాలు కాదు, ముద్ర మాత్రమే. ఔనని మాత్రమే చెప్పగలవాని ఔనునకు విలువ యేమున్నది? మూడవది మాకు మిక్కిలి నచ్చినది. డిస్పాచరు పండ్రెండు నెలల కొకమాఱు కనీసము ఐదు గంటలు కాక్‌పిట్టున పైలటుల వెనుక గూర్చుండి ప్రయాణము చేయవలెనని నిబంధన. బల్లమీద గీతగా గన్పట్టిన గాలి విమానమును ఎట్లు కుదుపునో, అంకెగా గన్పట్టిన మంచు కన్నుల నెట్లు కప్పునో అతడు స్వయముగ నెఱుగవలెనని దీని యుద్దేశము. పరుల ప్రాణములను గూర్చి నిర్ణయించువాడు వారి చోట కొంతసేపైన గూర్చుండవలెనను నియమము ఈ వృత్తికి మాత్రమే యేల పరిమితమై యుండవలెను? రోగిమంచమును, చెఱసాలగదిని, కూలివాని గుడిసెను కాగితముపై మాత్రమే చూచి తీర్పు చెప్పువారు మనలో నెందఱు లేరు?

ఇచ్చట నొక యాక్షేపణ గలదు. కెప్టెను విమానమున నున్నాడు. అది పడినచో అతడును పడును. డిస్పాచరు వేళ ముగియగనే కోటు తగిలించుకొని యింటికి బోవును. ఒకడు ప్రాణ మొడ్డగా, మఱియొకడు పేరు మాత్రమే యొడ్డగా, ఇరువురి బాధ్యత సమానమనుట న్యాయమా? ఈ యాక్షేపణ బలమైనదే. కాని ప్రాణభయ మొక్కటియే జాగ్రత్తకు మూలమని దీనిలో నొక యూహ దాగియున్నది. అది నిజము కాదు. గమ్యమునకు దగ్గఱైన కొలది చేరవలెనను నాతురత పెరుగును. అలసట కన్నును మబ్బుగ్రమ్మించును. ఇంత దూరము వచ్చి తిరిగిపోవుటకు మనస్సొప్పదు. ఈ యాకర్షణ దూరమున గూర్చున్నవానికి లేదు. కావున నతనికి గన్పట్టునది వేఱు. అట్లే దూరమున నున్నవానికి పొదుపు మాట వినబడుచుండును. లోపలివానికి కుదుపు తెలియుచుండును. ఒకేచోట నిలిచి యొకేదానిని జూచువారు ఇరువురైనను ఒక్కడే. వేర్వేఱు చోటుల నిలిచి చూచినపుడే ఇరువురు నిజముగ ఇరువురగుదురు. రెండవ చేవ్రాలునకు విలువ యిందువలననే.

రెండవవాడు లేనట్లే ప్రవర్తించిన నేమగునో 1990వ సంవత్సరము జనవరి 25వ తేదీ రాత్రి తెలియవచ్చెను. కొలంబియా దేశపు బొగోటా నగరమునుండి మెడెయీన్ మీదుగ న్యూయార్కునకు వచ్చుచున్న ఏవియాంకా సంస్థ విమాన మొకటి వాతావరణము చెడియున్నందున మూడు చోటుల నిలిపివేయబడి, గంట పదునేడు నిమిషములు గాలిలో చుట్లు తిరిగెను. ఇంధనము తఱుగుచున్నదని లోపలివా రెఱుగుదురు. తమకు ముందుగ చోటియ్యవలెనని యడిగిరి. కాని "ఇది ఆపద" యను నొక్క మాట మాత్రము చెప్పలేదు. దిగుటకు చేసిన మొదటి యత్నము విఫలమయ్యెను. మరల చుట్టి వచ్చునంతలో ఇంజనులు ఆఱిపోయెను. 158 మందిలో 73 మంది మరణించిరి. విచారణ చేసిన యమెరికా సంఘమువారు మూలకారణములుగ ఇంధనమును సరిగ చూచుకొనకుండుటను, ఆపదను చెప్పకుండుటను పేర్కొనిరి. దోహద మిచ్చిన కారణముగ మఱియొకటి చేర్చిరి. రద్దీయైన విమానాశ్రయమునకు చెడు వాతావరణమున వచ్చుచు, డిస్పాచి వ్యవస్థ సాయమును ఆ పైలటులు వినియోగించుకొనకుండుటయే యది. మబ్బులో చుట్లు తిరుగువానికి తన చుట్టే గన్పట్టును. నేలమీద నిమ్మళముగ గూర్చుండి లెక్క చూచి, "ఇక చాలు, ఫలానిచోటికి పొమ్ము" అని చెప్పగల గొంతుక యా రాత్రి అచ్చట వినబడలేదు.

2001వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీ కథ దీనికి మాఱుముఖము. ఆ యుదయమున యునైటెడ్ సంస్థయందలి యొక డిస్పాచరు చేతిలో, తూర్పు తీరమునుండి పశ్చిమ తీరమునకు బోవు పదునాఱు విమానము లుండెను. న్యూయార్కున రెండు గోపురములను విమానములు ఢీకొన్నవని తెలియగనే అతడు తన చొరవతో 9 గంటల 19 నిమిషములకు తన విమానముల కన్నిటికిని హెచ్చరికల నంప నారంభించెను. కాక్‌పిట్టులోనికి ఎవ్వరైనను చొఱబడుదురేమో జాగ్రత్త యని యా కబురు సారాంశము. 93వ సంఖ్యగల విమానమునకు అది 9 గంటల 24 నిమిషములకు చేరెను. రెండు నిమిషముల తరువాత కెప్టెను ఆ కబురును రూఢి చేయుమని కోరెను. మఱి రెండు నిమిషములకు దుండగులు కాక్‌పిట్టుపై బడిరి. ఆ విమానము పెన్సిల్వేనియాలో నొక పొలమున గూలిపోయెను. హెచ్చరిక చేరినది, కాలము చాలలేదు. ఈ వృత్తాంతమును విచారణ సంఘమువారు 2004లో ప్రకటించిరి.

ఈ కథను మేము ఫలితమునకై చెప్పలేదు. ఆ యుదయమున ఎందఱో యధికారు లుండిరి, ఎన్నో కార్యాలయము లుండెను. ప్రతిచోటను మనుష్యులు పైవారి మాటకై వేచియుండిరి. వీడొక్కడు "ఈ పదునాఱును నావి" యనుకొనెను. పదిమందిలో నుండియు తన కఱ్ఱ తానెత్తినవాడు వీడు. అయినను ఇంకొక యైదు నిమిషములు ముందుగ పంపియుండరాదా యని యడుగువారుందురు. ఆ ప్రశ్నను లోకము వానిని అడిగినను అడుగకున్నను, అట్టివాడు తన్ను తాను జీవితమంతయు అడుగుకొనుచునే యుండును. బాధ్యత యంతయు తనదే యనుకొన్నవానికి లోక మిచ్చు కూలి యిది. సగమే తనదనుకొన్నవానికి నిద్ర పట్టును. దీనిని మేము దాచ దలపలేదు. ఉమ్మడి బాధ్యత తేలికయైనదని చెప్పి చదువరుల నొప్పించుట మా యుద్దేశము కాదు. అది యొంటరి బాధ్యతకంటె బరువైనది.

నేడు యంత్రము వచ్చినది గదా, ఇక చేవ్రాలుతో పనియేమి యని మఱికొందఱు అడుగుదురు. గాలి లెక్కయు, దారి లెక్కయు, ఇంధనపు లెక్కయు కంప్యూటరు క్షణములో కట్టుచున్నమాట నిజము. మనుష్యుడు దినములకొలది కూర్చున్నను అన్ని దారులను సరిపోల్చలేడు. కాని యంత్రము లెక్క వేయును, పూచీ పడదు. తప్పు జరిగిననాడు దానికి తలవంపు లేదు, నిద్రలేమి లేదు. ఇంతకంటె భయపడవలసినది మఱియొకటి కలదు. లెక్క యెల్లప్పుడును సరిపోవుచున్నకొలది చూచువాని కన్ను మందగించును. చేవ్రాలు అలవాటైన కొలది చేయి మాత్రమే వ్రాయును, మనస్సు వ్రాయదు. దినమున నొక్కొక్కడు ఎన్నియో పత్రములపై పేరు వ్రాయవలసియుండగా, ప్రతి పేరును తొలిపేరువలె వ్రాయుట యెంత కష్టము! మామూలుగ వేళను పది గంటలకంటె మీఱనీయరాదని నిబంధన చేసినది ఈ బలహీనత నెఱిగియే. చట్టము గంటలను లెక్కింపగలదు. మనస్సును మేలుకొల్పుట మాత్రము మనుష్యుని పనియే.

అమెరికాలో బిడ్డలున్న తల్లిదండ్రులు మన జిల్లాలలో నెందఱో కలరు. బిడ్డ యచ్చట నొక యూరినుండి యొక యూరికి విమానమున బోవుచున్నదని తెలిసిన రాత్రి, "దిగితిని" అని ఫోను వచ్చువఱకు ఆ తల్లికి కన్ను మూతపడదు. ఆమెకు తెలియని మఱియొక మనుష్యుడును ఆ వేళ అట్లే మేలుకొనియుండును. అతనికి బిడ్డ పేరు తెలియదు. విమానమున నెందఱున్నారో మాత్రమే తెలియును. విమానము దిగగనే తల్లికి ఫోను వచ్చును. అతనికి తెరమీద నొక గుఱుతు మాఱును. అతడు మఱియొక విమానమువైపు చూపు త్రిప్పును. అతడు పేరు వ్రాసిన యనుమతిపత్రమును మూడు నెలలైన భద్రపఱుపవలెనని నిబంధన. అటుపిమ్మట ఆ కాగితముతో నెవ్వరికిని పనిలేదు. జరిగిన కీడునకు చరిత్ర యుండును. జరుగనీయని కీడునకు చరిత్ర లేదు. అందువలననే యట్టివారిని మనము స్తుతింప నేర్వలేదు. ఆలస్యమైననాడు నిందించుట మాత్రము నేర్చితిమి.

పదిమంది చేతులలో పాము చావకుండుట, చేతులు పదియైనందున గాదు. ఆ చేతులకు పేరు లేకుండుటవలన. కాదను హక్కు లేకుండుటవలన. పాము కఱచినవాని చోట నెన్నడును నిలిచి చూడకుండుటవలన. ఈ మూడు కొఱతలను తీర్చినచో, ఇరువురిలో ప్రతివాడును అంతయు మోయగలడని యీ వృత్తి దినదినమును నిరూపించుచున్నది. సభలలోను, సంఘములలోను, కార్యాలయములలోను కాగితముల క్రింద వరుసగ చేవ్రాళ్లు చేయుచున్న మనము, అందులో మన పేరు మన మనస్సుతో వ్రాసినదో, ప్రక్కవాని పేరు జూచి వ్రాసినదో ఒక్కమాఱు పరీక్షించుకొందుము గాక.

నాడు విమానాశ్రయమున నాలుగు గంటలు గడచిన పిమ్మట అనుమతి వచ్చెను. మేము గొణుగుకొనుచు ఎక్కితిమి, ఢిల్లీలో నెండలో దిగితిమి, మా పనులకు పోతిమి. "ఆ పైవాడెవడు" అని నిలదీసినవారిలో మేమును ఉంటిమి. అతడెవడో యిప్పుడును పేరు తెలియదు. తల వంచుకొని నిలిచిన యా చిన్నది మాత్రము మరల నెదురుపడినచో, ఆమెకు చెప్పుకొనవలసిన క్షమాపణము మాయొద్ద నింకను మిగిలియున్నది.